పరుగుకి తోడు

చిన్నదాని పరుగు మొదట్లో డాబా మీదే సాగేది. నీళ్ల ట్యాంకుల చుట్టూ, బట్టలు ఆరేసే తీగల కింద తల వంచుకుంటూ, ఎవరో పారేయలేక అక్కడ వదిలేసిన విరిగిన కుర్చీని తప్పించుకుంటూ గిరగిరా తిరిగేది. రోడ్డు మీద పరిగెత్తాలని లేకపోలేదు. ఒకసారి వెళ్తే కుక్కలు వెంటపడ్డాయి. ఇంకోసారి మోటారుసైకిలు మీద ఇద్దరు మగవాళ్లు తన పక్కనే నెమ్మదిగా వస్తూ, "ఎవరు తరుముతున్నారమ్మా, ఎక్కు, మేం దించుతాం" అన్నారు. వాళ్లకన్నా కుక్కలే నయమనిపించింది. మళ్లీ డాబా ఎక్కింది.

ఇంట్లో ఆమె అసలు పేరు ఎవరూ పలకరు. అక్కకీ, బావకీ చిన్నది. అక్కే లాండ్రీలో పనికి చేర్చింది కాబట్టి అక్కడా చిన్నదే. హోటళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చిన దుప్పట్లు వేడి రోలర్ల మధ్యనుంచి సెగలు కక్కుతూ బయటికి వస్తాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, కొసలు పట్టుకుని, ఒకరివైపు ఒకరు నడిచి మడతపెట్టాలి. రోజంతా ఆ నాలుగడుగులే, ముందుకీ వెనక్కీ. సాయంత్రానికి కాళ్లు కొయ్యబారిపోయి, అవి ఎవరివో తెచ్చి తనకి తగిలించినట్టుండేది. పొద్దున్నే పరిగెత్తితే మాత్రం మళ్లీ తనవయ్యేవి. ఎందుకు పరిగెడుతున్నావని ఎవరైనా అడిగితే ఇదంతా చెప్పే నోరు ఆమెకు లేదు. "ఊరికే" అనేది.

ఒక పొద్దున ఎదురింటి బాల్కనీ నుంచి ఒక గొంతు వీధిని దాటుకుని వచ్చింది.

"ఏయ్ పిల్లా! అక్కడేం వెతుకుతున్నావే? ఏదన్నా పోయిందా?"

చిన్నది ఠక్కున ఆగిపోయింది. బాల్కనీలో కాఫీ కప్పుతో ఒక లావుపాటి ఆవిడ. ఆ గొంతుకి అటు పక్క కిటికీ ఒకటి, ఇటు పక్క కిటికీ ఒకటి తెరుచుకున్నాయి.

"వారం నుంచీ చూస్తున్నా. పొద్దున్నే లేచి ట్యాంకు చుట్టూ ప్రదక్షిణాలు! పరిగెత్తడమేనా?"

చిన్నది తలూపింది.

"తలూపితే నాకేం కనబడుతుందే, నా కళ్లద్దాలు లోపలున్నాయి. కిందికి రా. నన్నూ పరిగెత్తమన్నాడు డాక్టరు, షుగరుంది. ఇద్దరం పోదాం."

ఆవిడ బస్సు స్టేషన్లో టికెట్ల కౌంటరులో పనిచేస్తుంది. అద్దం వెనకాల కూర్చుని మైకులో రోజంతా "ఎక్కడికి? ఎన్ని? చిల్లర లేదా?" అని అరిచి అరిచి, ఇంటికొచ్చినా ఆ గొంతు తగ్గించడం చేతకాదు. వీధిలో అందరికీ ఆవిడ టికెట్ల పిన్ని.

అలా చిన్నదానికి తోడు దొరికింది. పిన్ని పక్కనుంటే కుక్కలు కూడా దారి ఇచ్చేవి. మోటారుసైకిలు వాళ్లు మళ్లీ ఒకసారి నెమ్మదించబోతే పిన్ని ఆగి, నడుం మీద చేతులు వేసుకుని, "ఏం నాయనా, బండి ఆగిపోయిందా? తొయ్యమంటావా?" అని వీధి మొత్తానికీ వినబడేలా అడిగింది. వాళ్లు మళ్లీ కనిపించలేదు.

పిన్ని పరుగు పరుగంటే పరుగు కాదు. నడకకి కొంచెం కోపం వస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. పైగా ఆపకుండా మాట్లాడేది. ఎవరో పెద్దమనిషి టికెట్టు కొనుక్కుని పెళ్లాన్ని మరిచిపోయి బస్సెక్కడం, మేనేజరు కొత్త విగ్గు, కోడలు పంపిన బూట్ల రంగు. చిన్నది వింటూ నవ్వుకుంటూ పక్కనే సాగేది. ఎవరూ తనను మాట్లాడమని బలవంతపెట్టకపోవడం, అయినా ఒంటరిగా లేకపోవడం ఆమెకి అంతకుముందు తెలియని సుఖం.

ఒక్క చిక్కు ఉండేది. ఏ రోజైనా రాలేకపోతే చెప్పడం ఎలా? బావ రాత్రి డ్యూటీ చేసి తెల్లవారుజామున పడుకుంటాడు, తలుపు కొట్టకూడదు. ఫోనులో మాట్లాడాలంటే చిన్నదానికి నాలుక పిడచకట్టుకుపోతుంది.

"ఫోనులో నీ గొంతు వినాలంటే నా చెవిలో ఇంకో చెవి పెట్టుకోవాలే" అంది పిన్ని. "ఒక పని చెయ్యి. రాలేని రోజు మీ బాల్కనీ కమ్మీ మీద తువ్వాలు ఆరెయ్యి. అది చూసి నేనే అర్థం చేసుకుంటా. నువ్వు నోరు తెరవక్కర్లేదు."

తన పిరికితనం మీద అంత జాలిపడి, దానికి అంత తేలికైన దారి వెతికిన మనిషి చిన్నదానికి అంతవరకూ తారసపడలేదు. నెలకోసారి కడుపునొప్పి వచ్చినప్పుడో, జ్వరమొచ్చినప్పుడో ఆకుపచ్చ తువ్వాలు కమ్మీ మీదకి వచ్చేది. మర్నాడు పిన్ని ఏమీ అడగకుండా, ముందురోజు ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే కబుర్లు మొదలుపెట్టేది.

ఇలా చాలాకాలం బాగానే సాగింది. ఈలోగా చిన్నదాని కాళ్లు బలపడ్డాయి. వంతెన దగ్గరికి వచ్చేసరికి పిన్నికి ఆయాసం, చిన్నదానికేమో అక్కడే అసలు ఊపు. నెమ్మదిగా పరిగెత్తడం కూడా కష్టమేనని, కళ్లెం వేసినట్టుంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. అలా అనుకున్నందుకు తనమీద తనకే చిరాకు కలిగేది.

వంతెన అవతల బడి మైదానంలో డ్రిల్లు టీచరు ఒకామె కొందరు అమ్మాయిలకు పరుగు నేర్పిస్తుండేది. బిస్కెట్ల ఫ్యాక్టరీ వాళ్లు, బట్టల కొట్ల వాళ్లు, అందరూ పనులు చేసుకునే పిల్లలే. ఒకరోజు పిన్ని నీళ్లు తాగడానికి కుళాయి దగ్గర ఆగినప్పుడు ఆ టీచరు చిన్నదాని దగ్గరికి వచ్చింది.

"రోజూ చూస్తున్నాను. నువ్వు ఆవిడ కోసం తగ్గి పరిగెడుతున్నావు కదూ?"

చిన్నది కాదని చెప్పాలనుకుంది. కుళాయి వైపు చూసింది.

"మా జట్టులో ఒకమ్మాయి తగ్గింది. పందెం ఉంది. రేపట్నుంచి ఇదే వేళకి రా. ఆవిడకి చెప్పుకో."

ఆవిడకి చెప్పుకోవడమే చేతనైతే ఇంక కావలసిందేముంది! ఇంటికి తిరిగొచ్చే దారి పొడుగునా చిన్నది మాట కూడగట్టుకుంది. 'పిన్నీ, రేపట్నుంచి నేను...' అని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే పిన్ని, "నీ పుణ్యమా అని షుగరు దిగిందే. డాక్టరు నన్ను చూసి, మీరేనా అన్నాడు" అంది. "మంచిదేగా పిన్నీ" అనేసింది చిన్నది.

మర్నాడు చిన్నది తెల్లవారకముందే లేచింది. బూట్లు వేసుకుంది. విప్పింది. మళ్లీ వేసుకుంది. ఆ తర్వాత తువ్వాలు తెచ్చి కమ్మీ మీద ఆరేసి, వెనక సందులోంచి వంతెనవైపు పరిగెత్తింది.

అబద్ధం ఆడటం ఇంత సులువని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. ఎవరి ముఖంలోకీ చూడక్కర్లేదు.

మైదానంలో కాళ్లు గాల్లో తేలినట్టుండేవి. డ్రిల్లు టీచరు చేతిలోని గడియారం చూసుకుని ఏమీ అనకుండా కనుబొమలెత్తడమే చిన్నదానికి పెద్ద బహుమతి. రేపు చెబుదాం అనుకునేది. రేపు వచ్చేది, తువ్వాలు కమ్మీ మీదకి వెళ్లేది. మధ్యమధ్యలో ఒకరోజు పిన్నితో వెళ్లేది. "వంట్లో బాగుండటం లేదే ఈ మధ్య నీకు? రక్తం తక్కువేమో, చూపించుకో" అనేది పిన్ని. పిన్ని ఎలాగూ తనంతట తను పరిగెడుతుందిలే, అంత గొంతున్న మనిషికి భయమేంటి అని చిన్నది సరిపెట్టుకునేది.

ఒక పొద్దున వాన పడి మైదానమంతా బురదైంది. టీచరు అందర్నీ ఇంటికి పంపేసింది. చిన్నది సందు చివరికి వచ్చి, అలవాటుగా ఎదురింటివైపు చూసి, గోడ చాటుకి తప్పుకుంది.

పిన్ని బాల్కనీలో కూర్చుని ఉంది. కాళ్లకి బూట్లున్నాయి. లేసులు కట్టి ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని ఎదురుగా కమ్మీ మీద తడిసి వేలాడుతున్న తువ్వాలునే చూస్తోంది. వాన వెలిసింది కదా, తీస్తుందేమో, వస్తుందేమో అని. అంతసేపటి నుంచీ. చివరికి ముందుకు వంగి, పొట్ట అడ్డం పడుతుంటే ఆయాసపడుతూ, ఒక్కొక్క బూటే విప్పి పక్కన పెట్టింది. లోపలికి వెళ్లలేదు. వట్టి కాళ్లతో అలాగే కూర్చుంది.

చిన్నదానికి అప్పుడర్థమైంది. పిన్ని ఒంటరిగా పోవడం లేదు! తను తువ్వాలు వేసిన ప్రతి రోజూ ఇలాగే కూర్చుని ఉంటుంది. ఆ క్షణాన పరిగెత్తుకెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడాలనిపించింది. కానీ గోడ చాటునే నిలబడి, ఆవిడ లోపలికి వెళ్లేదాకా ఆగి, దొంగలా ఇల్లు చేరింది.

అంత చూశాక కూడా మర్నాడు తువ్వాలు ఆరేసింది. అదే ఆమెకు తర్వాత్తర్వాత మింగుడుపడలేదు. ఒకసారి చెప్పకపోతే పిరికితనం అనుకోవచ్చు. చూసి కూడా చెప్పకపోతే దాన్ని ఏమనాలో ఆమెకి తోచలేదు.

ఆ రోజే లాండ్రీ నుంచి వచ్చేసరికి అక్క పకపకా నవ్వుతోంది.

"మీ టికెట్ల పిన్నికి మతి పోయిందే! నువ్వటు పరుక్కి పోయావో లేదో, ఆవిడ ఇటు ఫ్లాస్కుతో పాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. వగరుస్తూ, 'పిల్లకి ఎలా ఉంది?' అంటుంది. ఎలా ఉండటమేంటి, మీతో పరిగెత్తడానికే బూట్లేసుకుని పోయిందిగా అన్నా."

చిన్నది సంచి కింద పెట్టింది. "ఏమంది?"

"ఫ్లాస్కు వంక చూసుకుంది. ఆ తర్వాత తల కొట్టుకుని, 'అవునవును, వంతెన దగ్గర కలుద్దామంది, నేనే మరిచిపోయా' అంది. మరి పాలెందుకు తెచ్చారంటే, 'పరిగెత్తే పిల్ల కదా, తాగుతుందని' అంది. పాపం, ఒక్కతే పోవాలంటే భయమట ఆవిడకి! అంత మనిషికి భయమేంటే? 'నలుగురూ చూసి నవ్వుతారని నాకు సిగ్గమ్మా, పిల్ల పక్కనుంటే నన్నెవరూ చూడరు' అంది. నీ వెనకాల దాక్కుంటుందట. నువ్వేమో ఇంత, ఆవిడేమో అంత!"

అక్క మళ్లీ నవ్వింది. పొయ్యి పక్కన ఫ్లాస్కు ఉంది. చిన్నది దాన్ని ముట్టుకోలేకపోయింది. పిన్నికి మొత్తం తెలిసిపోయింది. తెలిసి కూడా అక్క ముందు చిన్నదాని అబద్ధాన్ని కాపాడి, మతిమరుపు మనిషన్న పేరు తనే తెచ్చుకుంది. తిట్టినా బాగుండేది. వీధిలో నిలబెట్టి, ఆ గొంతుతో నాలుగు దులిపినా బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం లాండ్రీలో సెలవడిగి బస్సు స్టేషనుకి వెళ్లింది. పిన్ని ఇంటికి వెళ్లే ధైర్యం లేక కాదు అని తనకు తాను చెప్పుకుంది కానీ, నిజం అదే. కౌంటరులో అయితే మధ్యన అద్దం ఉంటుంది, ముఖాముఖీ నిలబడక్కర్లేదు, మాట చెప్పేసి తిరిగిపోవచ్చు అనుకుంది. మైకు సంగతి మరిచిపోయింది.

వరసలో నిలబడి నిలబడి అద్దం ముందుకి చేరింది.

"ఎక్కడికి?" అంది పిన్ని తలెత్తకుండా. ఆ మాట స్తంభానికి బిగించిన స్పీకరులోంచి హాలంతా మోగింది.

"నేను, పిన్నీ."

పిన్ని తలెత్తింది. ముఖంలో ఒక్క క్షణం ఏదో మెదిలి మాయమైంది. "ఊరెళ్తున్నావా?"

"లేదు. నీతో మాట్లాడాలి."

"వినబడట్లా. గట్టిగా చెప్పు."

"మాట్లాడాలీ!"

ఆమె జీవితంలో అంత గట్టిగా అరిచింది అదే మొదలు. వరసలో ఆమె వెనకే ఉన్న ముసలాయన తన రేకు పెట్టెను కాలితో ముందుకు తోస్తూ, "టికెట్టు తీసుకుని మాట్లాడుకోండమ్మా, బస్సు పోతుంది" అన్నాడు.

వెనక్కి తిరిగితే మళ్లీ రాలేనని చిన్నదానికి తెలుసు. అద్దానికి ఉన్న చిల్లు దగ్గర నోరు పెట్టింది.

"నాకు జబ్బేం లేదు పిన్నీ. అబద్ధం. తువ్వాలు వేసి వేరేవాళ్లతో పరిగెత్తడానికి పోయాను. చాలా రోజుల నుంచీ."

"తెలుసులే" అంది స్పీకరు.

"నువ్వు బూట్లేసుకుని కూర్చోవడం చూశాను. చూసి కూడా..."

పిన్ని చేతిలో ఉన్న టికెట్ల చుట్టని పక్కన పెట్టింది. మైకు ఆపాలన్న ధ్యాస ఆవిడకి లేదు.

"వాళ్లతో పోయినందుకు కాదే నా బాధ. నేనెంత మెల్లగా పరిగెడతానో నాకు తెలీదా? నా కాళ్లు నావే కదా. 'ఇంక నీతో రాను పిన్నీ' అని ఒక్క మాట అని ఉంటే, నాలుగు రోజులు ఏడ్చుకుని ఇంకెవర్నో ఒకర్ని వెతుక్కునేదాన్ని. నువ్వు ఆ మాట అనలేదు. పూర్తిగా రావడం మానెయ్యనూ లేదు. నన్నలా కాళ్లకి బూట్లు తొడిగి కూర్చోబెట్టావు. నీకు రక్తం తగ్గిందేమోనని నేను మా డాక్టర్ని కూడా అడిగాను తెలుసా?"

హాలు మొత్తం చెవులు రిక్కించింది. నేల తుడుస్తున్న ఆవిడ తుడవడం ఆపేసింది.

"తప్పు కదమ్మా అది" అన్నాడు రేకు పెట్టె ముసలాయన.

"మీ బస్సు పోతుందన్నారుగా, మీకెందుకండీ?" అని ఆయన వెనకాల ఎవరో కసిరారు.

చిన్నదానికి చెవులు భగ్గుమన్నాయి. నేల చీలి అందులోకి పోతే బాగుండనిపించింది. అయినా నిలబడింది. "ఆదివారాలు మైదానం ఉండదు పిన్నీ. ఆదివారాలు నేనొస్తాను."

"పరామర్శకొచ్చినట్టు వారానికోసారి రావొద్దు నువ్వు" అంది పిన్ని.

అది కోపంతో అన్నది కాదు. అందుకే ఎక్కువ తగిలింది.

అప్పుడు వరస మధ్యలోంచి, మెడలో ఆసుపత్రి గుర్తింపు కార్డు వేసుకున్న ఒకావిడ పక్కకి వంగి తొంగిచూసింది. పిన్నంత లావు కాదు కానీ, తక్కువ కూడా కాదు.

"ఏమనుకోకండి, అంతా వినబడుతోంది మరి. మీరు పొద్దున ఏ వేళకి వెళ్తారండీ? మా ఇల్లు వంతెన ఇవతలే. నాకూ ఒంటరిగా పోవాలంటే ఎలాగో ఉంటుంది."

పిన్ని ఆవిడ వంక చూసింది. తర్వాత చిన్నదాని వంక చూసింది. ఆ చూపులో ఏముందో, తను వద్దంటే పిన్ని ఆగేదో లేదో, చిన్నదానికి ఇప్పటికీ తెలియదు. చిన్నది వద్దనలేదు. అద్దం ముందు నుంచి పక్కకి జరిగింది.

"పరిగెత్తేటప్పుడు మాట్లాడతారా మీరు?" అని అడిగింది పిన్ని.

"ఆపమన్నా ఆపను."

"అయితే కష్టమే. మరి నేనెప్పుడు మాట్లాడాలి?"

హాల్లో నవ్వులు లేచాయి. ముసలాయన కూడా నవ్వాడు. పిన్ని కూడా కొంచెం నవ్వింది. తను ఖాళీ చేసిన చోటు తన కళ్లముందే నిండిపోతుంటే చిన్నదానికి తేలికగా అనిపించాలి. కోరుకున్నది అదే కదా. కానీ ఇంట్లోంచి తన పక్కబట్టలు చుట్టి బయట పెట్టినట్టనిపించింది, పెట్టింది తనే అయినా.

ఆమె తలుపు దాకా వెళ్లింది. వెనకనుంచి స్పీకరు మళ్లీ మోగింది.

"ఏయ్ పిల్లా!"

చిన్నదే కాక, హాల్లో సగం మంది ఆడవాళ్లు వెనక్కి తిరిగారు.

"పోవడం ఎలాగూ పోయావు. బాగా పరిగెత్తు."

ఆ తర్వాత వెంటనే, "ఊఁ, ఎక్కడికి పెద్దాయనా? ఎన్ని?" అని ఎప్పటి గొంతు.

చెప్పేస్తే భారం దిగుతుందంటారు. దారంతా చిన్నది చూసుకుంది, ఎక్కడా దిగలేదు. ఇంటికొచ్చేసరికి అక్క పక్కింటావిడతో మెట్లమీద నిలబడి, టికెట్ల పిన్ని పాలు పట్టుకొచ్చిన కథే చెబుతోంది. "మతి ఎంతలా పోయిందంటే..." అంటూ చేతులు తిప్పుతోంది. పక్కింటావిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. వీధిలో ఇంకెన్ని ఇళ్లలో ఈ నవ్వు నడిచిందో.

"అక్కా" అంది చిన్నది. "పిన్నికి మతి పోలేదు."

పక్కింటావిడ వింటుండగానే చిన్నది మొత్తం చెప్పేసింది. తువ్వాలు దగ్గర్నుంచి బస్సు స్టేషను దాకా. పక్కింటావిడ ఆ మధ్యలోనే ఏదో పొయ్యిమీద మాడుతోందని లోపలికి జారుకుంది. అక్క ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

"నోట్లో నాలుక లేదనుకున్నానే నీకు" అంది అక్క. "అది లేకుండానే ఇంత పని చేశావా?"

చిన్నది మెట్టు మీద కూర్చుంది.

"వెళ్లి చెప్పుకున్నావుగా. ఏమంది?"

"బాగా పరిగెత్తమంది."

"బాగా పరిగెత్తమందా" అంది అక్క. చెల్లెలి తల మీద చెయ్యి వెయ్యబోయి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"అంతకన్నా తిట్టేముంటుందే" అని లోపలికి వెళ్లిపోయింది.